తాళంచెవి పట్టిన పిడికిలి: కన్వర్షన్ డిజార్డర్ వెనుక పాలమూరు, నల్లగొండ బతుకులు

దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చిన ఆటో ఒకటి రాత్రి పదకొండింటికి పెద్దాసుపత్రి క్యాజువాలిటీ ముందు ఆగుతుంది. వెనుక సీట్లో ఇద్దరు ఆడవాళ్ల ఒడిలో ఇరవై ఏళ్లు కూడా నిండని కోడలు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, తల అటూ ఇటూ ఊగుతోంది, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. కుడి పిడికిట్లో ఇనుప తాళంచెవి. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలన్న నమ్మకంతో ఇంటివాళ్లు పెట్టినది. అరగంటగా ఆగడం లేదని అత్త చెబుతుంది, నెలలో ఇది మూడోసారని తల్లి చెబుతుంది. డ్యూటీ డాక్టర్ కనురెప్ప ఎత్తబోతే రెప్ప మరింత బిగుసుకుంటుంది. నాలుక కొరుక్కోలేదు, ఒంట్లో ఆక్సిజన్ తగ్గలేదు. కేసు షీటు మీద మూడు అక్షరాలు పడతాయి: హెచ్‌సీఆర్. హిస్టీరికల్ కన్వర్షన్ రియాక్షన్ అనే పాత పేరుకు అవి పొడి అక్షరాలు. తెల్లారేసరికి వార్డులో అది నోటిమాటగా ‘డ్రామా కేసు’ అయిపోతుంది.

ఈ కోడలు ఏ ఒక్క మనిషీ కాదు, ఇలాంటి ఎందరినో కలిపి గీసిన బొమ్మ. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట, ఎక్కడి ప్రభుత్వాసుపత్రిలోనైనా రాత్రి డ్యూటీ చేసిన నర్సుకు ఈ బొమ్మ పరిచయమే. ఆ మూడు అక్షరాలు రాసిన డాక్టర్ రోగాన్ని సరిగానే గుర్తించి ఉండవచ్చు. తప్పు జరిగేది ఆ తర్వాత. అడగవలసినవి అడగకుండానే ఇంటికి పంపేయడంలో ఉంది తప్పు.

కన్వర్షన్ డిజార్డర్ అంటే నరాల జబ్బు లక్షణాలు నిజంగానే ఉండి, నరాలలో గానీ మెదడులో గానీ వాటికి సరిపడే దెబ్బ కనిపించని స్థితి. ఫిట్స్ లాంటి కదలికలు, కాలో చేయో పడిపోవడం, మాట పోవడం, చూపు పోవడం, వణుకు, తిమ్మిరి, ఏ రూపంలోనైనా రావచ్చు. దీనికి హిస్టీరియా అన్న పేరు గర్భాశయానికున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఇది ఆడవాళ్ల జబ్బు అనే అపవాదు ఆ పేరులోనే ఉంది. మనసులోని వేదన శరీర లక్షణంగా ‘మారుతుంది’ అన్న అర్థంలో కన్వర్షన్ అనే మాటను పందొమ్మిదో శతాబ్దం చివర ఫ్రాయిడ్ వాడుకలోకి తెచ్చాడు. ఇప్పుడు వైద్యులు ఎక్కువగా ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటున్నారు. తీగలు తెగలేదు, పనితీరు తప్పింది అని ఆ పేరుకు అర్థం.

నటనకూ దీనికీ ఉన్న తేడా మంచం పక్కనే తేల్చుకోవచ్చు. 1908లో హూవర్ అనే అమెరికన్ వైద్యుడు ఒక పరీక్షను వివరించాడు. కుడి కాలు పడిపోయిందంటున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కుడి మడమ కింద అరచేయి ఉంచి, ‘ఈ కాలును కిందికి నొక్కండి’ అంటారు. ఎంత ప్రయత్నించినా చేతికి బలం తగలదు. అప్పుడు ధ్యాసను ఎడమ కాలి మీదికి మళ్లించి, ‘ఎడమ కాలు పైకెత్తండి, నేను ఆపుతాను’ అంటారు. ఎడమ కాలు లేస్తుండగా, పడిపోయిందన్న కుడి మడమ తనంతట తానే అరచేతిని గట్టిగా నొక్కుతుంది. నడుము స్థిరంగా ఉండడానికి శరీరం చేసుకునే పని అది. అంటే కాలికి బలం ఉంది, ఆ బలం అడిగినప్పుడు అందడం లేదు. లోపం ధ్యాసలోనూ, కదలికను మెదడు సిద్ధం చేసుకునే తీరులోనూ, ‘ఇది నేనే చేస్తున్నాను’ అన్న ఎరుకలోనూ ఉంది. మెదడు స్కానింగ్ పరిశోధనల్లో కావాలని నటించేవారికీ ఈ రోగులకూ మధ్య తేడా కనబడింది కూడా. ఈ పరీక్షను రోగికే చూపించి, ‘చూడమ్మా, నీ కాలికి దారి మూసుకుపోలేదు’ అని చెప్పే వైద్యులు ఉన్నారు. చాలామందికి నయం కావడం మొదలయ్యేది అక్కడే.

ఫిట్స్ విషయంలో మూసుకున్న కళ్లు, చాలాసేపు సాగే కదలికలు, మధ్యలో ఏడుపు ఈ జబ్బును సూచిస్తాయి. మూర్ఛలో కళ్లు సాధారణంగా తెరుచుకునే ఉంటాయి. కానీ ఏ ఒక్క గుర్తూ తనంతట తాను తీర్పు చెప్పదు. మెదడులోని విద్యుత్ తరంగాలనూ రోగి కదలికలనూ ఒకేసారి నమోదు చేసే వీడియో ఈఈజీ తీస్తేనే గట్టిగా తేలుతుంది, అది మాత్రం పెద్ద నగరాల ఆసుపత్రులు దాటి రాలేదు. అదుపులోకి రాని మూర్ఛ అంటూ ప్రత్యేక కేంద్రాలకు వచ్చేవారిలో సుమారు అయిదో వంతు మందికి ఉన్నది ఈ జబ్బే. ఏళ్ల తరబడి అనవసరంగా మూర్ఛ మాత్రలు మింగినవారు వారిలో ఎందరో.

మరి దీనికి కారణం ఏమిటి? ‘టెన్షన్’ అన్నది అందరి నోటా వచ్చే జవాబు. 1994లో వచ్చిన అమెరికన్ మనోరోగ వర్గీకరణ డీఎస్ఎం-4, లక్షణం మొదలయ్యే ముందు మానసిక ఒత్తిడి ఉండి తీరాలని షరతు పెట్టింది. 2013లో డీఎస్ఎం-5 ఆ షరతును తీసేసింది. ఒత్తిడి దొరకని రోగులు కూడా ఉన్నారు, ఒత్తిడి దొరికినంత మాత్రాన జబ్బు ఇదే అనీ చెప్పలేం. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో 34 అధ్యయనాలను, వాటిలోని 1405 మంది రోగులను కలిపి చూసిన విశ్లేషణ వెలువడింది. చిన్నతనంలో హింస, పెద్దయ్యాక కష్టాలు ఈ రోగులలో ఇతరులకన్నా స్పష్టంగా ఎక్కువ. అయితే అందరిలోనూ లేవు. ఆ లెక్కల్లో శారీరక హింస, లైంగిక హింస ఎంత బరువు తూగాయో, చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోకపోవడం అంతకన్నా ఎక్కువే తూగింది. ఈ చివరి సంగతి దగ్గర ఆగి చూడాలి. ఎందుకంటే పట్టించుకోకపోవడం అనేది ఒక సంఘటన కాదు. అది ఏ తారీఖునా జరగదు. ‘మీకు ఏం జరిగింది?’ అని అడిగితే జవాబులో రాదు.

మన ఆసుపత్రుల అధ్యయనాలు గీసే రోగి చిత్రం దాదాపు ఒకేలా ఉంటుంది: యువతి, పల్లెటూరు, తక్కువ చదువు, తక్కువ ఆదాయం, గృహిణి లేదా విద్యార్థిని. ఈ చిత్రాన్ని కొంత జాగ్రత్తగా చూడాలి. ప్రభుత్వాసుపత్రికి వచ్చేదే పేదవాళ్లు. కలిగినవారు ప్రైవేటు న్యూరాలజిస్టు దగ్గరికి వెళతారు, అక్కడ ఈ లెక్క ఎవరూ రాయరు. ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువన్న మాట మాత్రం చాలా దేశాలలో నిలిచింది. ఆడ శరీరంలోనే ఏదో ఉందనుకునేవారు మొదటి ప్రపంచ యుద్ధాన్ని గుర్తు చేసుకోవాలి. 1914-18 మధ్య కందకాల్లో ఉన్న సైనికులు వేలాదిగా మాట పోయి, కాళ్లు పడిపోయి, వణుకుతూ ఆసుపత్రులకు చేరారు. ఆ సైనికుడు పారిపోతే కాల్చేస్తారు, భయమేస్తోందంటే పిరికివాడంటారు. పోవడానికీ వీల్లేదు, చెప్పడానికీ వీల్లేదు. కష్టం ఎంత పెద్దది అన్నదానికన్నా ఈ రెండు దారులూ మూసుకుపోయాయా అన్నదే అసలు ప్రశ్న. ఈ కోణం నుంచి చూస్తే దక్షిణ తెలంగాణ పల్లెల్లో ఎవరి దారులు ఎక్కడ మూసుకుంటాయో కనబడుతుంది.

పాలమూరు సంగతే తీసుకుందాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అన్ని జిల్లాల కన్నా తక్కువ. కోస్గి, మక్తల్, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణే పనులకు వెళ్లడం తరాలుగా సాగుతున్నది. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు కూతురి పెళ్లికో, ఎండిన బోరు అప్పుకో ఆ వారమే ఖర్చయిపోతుంది. ఆపైన చేసే పనంతా తిన్న బాకీ తీర్చడానికే. భార్యాభర్తలు కలిసి పోతే పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు. భర్త ఒక్కడే పోతే కోడలు అత్తింట్లో మిగులుతుంది. ఫోను ఉంటుంది కానీ మాట్లాడేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ‘బాగున్నావా?’ అంటే ‘బాగున్నా’ అనడమే. తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల యువతుల్లో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పదహారేళ్లకు కాపురానికి వచ్చి, రెండేళ్లయినా కడుపు పండలేదన్న మాట పడుతూ, భర్త ఎప్పుడొస్తాడో తెలియక, పుట్టింటికి పోతానంటే ‘ఇంకా ఆరునెలలు కాలేదు’ అనిపించుకునే అమ్మాయికి పేరు పెట్టి చెప్పుకోగల కష్టం ఒక్కటీ ఉండదు. ఎవరూ కొట్టలేదు. తిండి పెడుతున్నారు. ‘ఏం తక్కువైంది నీకు?’ అంటే జవాబు లేదు. ఈ జవాబు లేకపోవడమే ఆమె జీవితంలోని ఒత్తిడి.

ఇలాంటి ఇంట్లో జబ్బు పడటం వల్ల ఏం మారుతుందో కూడా కళ్లు మూసుకోకుండా చూడాలి. ఫిట్స్ వచ్చిన రోజు పొలం పని ఉండదు, అత్త గొంతు తగ్గుతుంది, తల్లి వస్తుంది, ముంబై నుంచి భర్త ఫోను చేస్తాడు. ‘అందుకే చేస్తోంది’ అని చుట్టుపక్కలవాళ్లు అనేది దీన్ని చూసే. ఈ తీర్పు అన్యాయం. జబ్బు పడ్డ మనిషికి ఊరట దొరకడం ఏ జబ్బులోనైనా ఉన్నదే. టైఫాయిడ్ వచ్చినా పొలం పని తప్పుతుంది. జబ్బు పడితే తప్ప ఆ ఊరట దొరకదన్నదే ఇక్కడి సమస్య. లండన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో సాదా ప్రశ్నలు కాకుండా వివరమైన ఇంటర్వ్యూలతో రోగుల గత సంవత్సరాన్ని తవ్వి చూశారు. లక్షణం మొదలవడానికి ముందు నెలలో తీవ్రమైన సంఘటనలు ఎక్కువగా బయటపడ్డాయి. వాటిలోనూ జబ్బు పడితే కొంత తప్పించుకోగలిగే రకం కష్టాలు ఎక్కువ. కుట్ర పన్ని తప్పించుకున్నారని దీని అర్థం కాదు. ఏ దారీ లేనిచోట శరీరానికి ఒక దారి తెరుచుకుందని అర్థం.

మగవాళ్లలో కథ వేరేగా మొదలవుతుంది. చాలాసార్లు చిన్న దెబ్బతో. కట్టడం పనిలో మోకాలికి దెబ్బ తగిలిన కూలీకి ఎముక అతుక్కున్నాక కూడా కాలు లేవదు. నొప్పి, భయం, కాలి మీదే నిలిచిపోయిన ధ్యాస, తీరని అడ్వాన్సు, ‘మగవాడివి, లేచి నడువు’ అన్న మాట, అన్నీ కలిసి ఆ కాలు మరచిపోయిన కదలికను తిరిగి రానివ్వవు. విద్యార్థినుల విషయానికొస్తే హాస్టళ్లలో పరీక్షల ముందు ఒకరికి మొదలై నలుగురికి పాకే స్పృహ తప్పడాలు ఉంటాయి. వాటి గురించి విడిగా రాయాల్సింది చాలా ఉంది.

లక్షణం ఏ రూపంలో వస్తుందో ఊరు నిర్ణయిస్తుంది. ఇంట్లో తమ్ముడికి నిజమైన మూర్ఛ ఉంటే, ఆ ఇంటి అక్క శరీరానికి ఆ కదలికల నమూనా తెలుసు. పూనకం తెలిసిన ఊళ్లో శివాలు ఊగడం తెలుసు. 1970, 80 దశకాల్లో బాణామతి అనే చేతబడి భయం తెలంగాణ పల్లెలను ఊపినప్పుడు ఆడవాళ్లు కుక్కలా మొరగడం, తమను తాము గాయపరచుకోవడం వార్తలయ్యాయి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ మనోవైద్యులు బాణామతి బాధితులను పరిశీలించి 1989లో ప్రచురించారు కూడా. చేతబడి చేశారన్న అనుమానంతో చెట్టుకు కట్టి కొట్టిన, పళ్లు ఊడగొట్టిన దారుణాలు ఆ భయంలోంచే వచ్చాయి. అందుకే ‘గాలి సోకింది’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మరో పక్క, గాలి సోకిందన్నప్పుడు ఇల్లంతా ఆమె వెంట నిలబడుతుంది. ‘నటిస్తోంది’ అని ఆసుపత్రి అన్నప్పుడు ఇల్లంతా ఆమెకు ఎదురు తిరుగుతుంది. జనం ముందు దర్గాకో మంత్రగాడి దగ్గరికో ఎందుకు వెళతారన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే కొంత ఉంది.

ఇంత చెప్పాక నల్లగొండలో ఒక హెచ్చరిక తప్పనిసరి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాలు బోరు నీళ్లు తాగిన తరం ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. ఇక్కడి బోర్లలో ఎన్నో దాన్ని దాటి ఎక్కడికో పోయాయి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా పాత ఎముకలు మారవు. ఫ్లోరోసిస్‌లో వెన్నెముకలోని ఎముక, దాన్ని కట్టి ఉంచే పట్టీలు మందమెక్కి వెన్నుపామును నొక్కుతాయి. కాళ్లు బిగుసుకుంటాయి, నడక తడబడుతుంది, చివరికి మూత్రం ఆగుతుంది. నలభై అయిదేళ్ల ఆమె కాళ్లు పడిపోయాయని వస్తే, ఆమె భర్త అప్పులతో ప్రాణం తీసుకున్నాడని తెలిసినంత మాత్రాన ‘ఒత్తిడి వల్లే’ అని రాసేయడం ప్రమాదం. ఆమెకు దుఃఖమూ ఉండవచ్చు, నొక్కుకుపోయిన వెన్నుపామూ ఉండవచ్చు. అరికాలు మీద గీసినప్పుడు బొటనవేలు పైకి లేచిందంటే అది కన్వర్షన్ కాదు, వెంటనే వెన్నుకు స్కానింగ్ కావాలి. అలాగే కల్లు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపిన మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోవడమే కారణం. చూసినవారికి అది పూనకంలాగే ఉంది. ఒంట్లో పొటాషియం పడిపోయినా రాత్రికి రాత్రి కాళ్లు లేవవు. రక్తపరీక్షతో తేలిపోయే ఆ జబ్బును మనసుకు అంటగడితే ప్రాణం మీదికి వస్తుంది. కన్వర్షన్ అని చెప్పాలంటే హూవర్ గుర్తులాంటి ఆధారం చేతికి దొరకాలి. కష్టాల కథ ఆధారం కాదు.

అలాంటి ఆధారంతో జాగ్రత్తగా చెప్పినప్పుడు ఈ నిర్ధారణ నిలబడుతుంది. 1950లలో హిస్టీరియా అన్న రోగుల్లో సుమారు మూడో వంతు మందికి తర్వాత వేరే జబ్బు బయటపడేది. 1970ల నుంచి ఆ పొరపాటు నాలుగు శాతం దగ్గరికి తగ్గిందని 2005లో అన్ని అధ్యయనాలనూ కలిపి చూసినప్పుడు తేలింది.

మళ్లీ క్యాజువాలిటీకి వద్దాం. ఆ రాత్రి సాధారణంగా జరిగేది ఇది: అత్త పక్కనే నిలబడి ఉండగా ‘టెన్షన్ ఏమైనా ఉందా అమ్మా?’ అని అడుగుతారు. ‘లేదు’ అంటుంది. లేదు అని రాసుకుంటారు. స్పృహలోకి తేవడానికి ముక్కు దగ్గర అమ్మోనియా పెడతారు, ఛాతీ మీద పిడికిలితో రుద్దుతారు. నొప్పి పెట్టడం వల్ల నయం కాదు, నమ్మకం పోతుంది. ఇంకో చోట దీన్ని నిజమైన మూర్ఛే అనుకుని నరంలోకి మత్తు ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

ఒంటరిగా కూర్చోబెట్టి, టెన్షన్ అనే మాటే ఎత్తకుండా అడిగితే జవాబులు వస్తాయి. ఇంట్లో ఎందరు ఉంటారు? పొద్దున ఎన్నింటికి లేస్తావు? అందరూ తిన్నాక తింటావా, కలిసి తింటారా? డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? పుట్టింటికి ఆఖరిసారి ఎప్పుడు వెళ్లావు? ఆయన పండక్కి వస్తానన్నాడా? నిద్రలో ఎవరైనా దగ్గరికి వస్తారన్న భయం ఉందా? ఈ చివరి ప్రశ్న అడగడానికి తలుపు మూసి ఉన్న గది, ఆడ నర్సు, తొందర లేని పది నిమిషాలు కావాలి. ఓపీలో మూడువందల మంది ఎదురుచూస్తుంటే ఆ పది నిమిషాలే దొరకవు. మందుల కొరత కన్నా ఈ పది నిమిషాల కొరతే ఈ జబ్బుకు పెద్ద అడ్డంకి.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆ తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తిలకూ వచ్చాయి. దానితో మనోవైద్య విభాగం కోసం ప్రతిసారీ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా పోవాల్సిన పని తగ్గింది. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. అయితే ఆ ఫోను కూడా చేసేది అత్తింటి గదిలోంచే కదా.

చికిత్సలో మొదటిది నిర్ధారణను మర్యాదగా, అర్థమయ్యేలా చెప్పడం. ‘రిపోర్టులన్నీ నార్మల్, ఏమీ లేదు’ అనకూడదు. ‘ఇది ఉన్న జబ్బే, దీనికి పేరుంది, తగ్గే అవకాశం ఉంది’ అనాలి. కాలు పడిపోయినవారికి ధ్యాసను మళ్లించి నడక నేర్పే ఫిజియోథెరపీ పనిచేస్తుంది. ఫిట్స్ రూపంలో ఉన్నవారికి ఆలోచనా-ప్రవర్తనా చికిత్స ఇస్తారు. దాని మీద ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 368 మందితో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఏడాది తర్వాత ఫిట్స్ సంఖ్యలో గట్టి తేడా తేలలేదు. కానీ చికిత్స అందినవారి రోజువారీ బతుకు, మనోవేదన మెరుగుపడ్డాయి.

ఆ చికిత్సలో మొదట నేర్పేది, ఫిట్స్ రాబోతున్న ముందు గుర్తును పసిగట్టడం. గుండె దడ, చెవుల్లో హోరు, చుట్టూ ఉన్నవి దూరంగా జరిగినట్టు అనిపించడం. ఆ క్షణాన చేతికి తగిలే ఒక వస్తువు మీద ధ్యాస నిలపమంటారు. గరుకుగా, చల్లగా ఉన్నదైతే మంచిది. దేవరకొండ వైపు పల్లెలో ఆ కోడలి చేతికి అలాంటి వస్తువు ముందే ఇచ్చి ఉంచారు. మూఢనమ్మకమని దాన్ని లాక్కుని ఇంటివాళ్లను మందలించాల్సిన పని లేదు. ఫిట్స్ వచ్చాక ఎవరో పిడికిట్లో కుక్కడం కాకుండా, దడ మొదలవగానే ఆమే అందుకునేలా కొంగుకు కట్టుకోమని చెప్పవచ్చు. పట్టుకుని, ఇనుము ఎంత చల్లగా ఉందో గమనించడం. బొటనవేలితో తడుముతూ దానికి ఎన్ని పళ్లున్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం. పూర్తయితే మళ్లీ మొదటి నుంచి.